యజమాని లేని పని

ఇల్లే లేనివాళ్లకు ఇంటి పనేముంటుందని అనుకుంటాం. హైదరాబాద్‌లో ఏదైనా ఫ్లైఓవర్ కింద తెల్లవారుజామున ఒక్క గంట నిలబడి చూస్తే తెలుస్తుంది. ఎనిమిదేళ్లో పదేళ్లో ఉన్న పిల్ల అందరికంటే ముందు లేస్తుంది. పక్క హోటల్ తెరిచాక నీళ్లు పట్టనివ్వరు కాబట్టి ఆలోపే రెండు బిందెలు తెచ్చుకోవాలి. మూడు ఇటుకల పొయ్యిలోకి అట్టముక్కలు ఏరుకురావాలి. అమ్మానాన్నలు చిత్తుకాగితాలకు వెళ్తే చంటివాణ్ని ఎత్తుకోవాలి, ఏడిస్తే ఊరుకోబెట్టాలి. మున్సిపాలిటీ బండి వస్తోందంటే పట్టా, గిన్నెలు మూటగట్టి పరుగెత్తేదీ తనే. ఇవన్నీ అయ్యాకే సిగ్నల్ దగ్గర పెన్నులో, కారు తుడిచే గుడ్డలో అమ్మడానికి వెళ్తుంది. అప్పుడూ తమ్ముడు చంకలోనే.

మనకు కనపడేది ఆ సిగ్నల్ పని ఒక్కటే. మన జాలి, విసుగు, సర్కారు హడావుడి అన్నీ అక్కడే. తప్పిపోయిన, పనుల్లో చిక్కుకున్న పిల్లల్ని వెతికి విడిపించడానికి రాష్ట్రంలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. వాటిని మేం తక్కువ చేయడం లేదు. పాతబస్తీలో గాజుల తయారీ గదుల్లో మగ్గిన బిహార్ పిల్లల్ని 2015 జనవరిలో వందల సంఖ్యలో విడిపించారు. అక్కడ పట్టుకోవడానికి యజమాని ఉన్నాడు. ఫ్లైఓవర్ కింది పిల్లకు యజమాని ఎవరు? కేసు చంటివాడి మీద పెడతారా?

చట్టమూ ఇక్కడే తడబడింది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి 14 ఏళ్లలోపు వాళ్లను పనుల్లో పెట్టుకోకూడదన్నారు. ప్రమాదం లేని పనుల్లో మాత్రం బడి అయ్యాక, సెలవుల్లో ఇంట్లోవాళ్లకు సాయం చేయొచ్చట. అసలు బడి మొహమే చూడని పిల్లకు ‘బడి అయ్యాక’ అంటే ఏ టైం? రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1991 నుంచి పనిచేసిన ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ మెలికలోకి పోలేదు. కూలి వచ్చినా రాకున్నా, బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అంది. మా మాటా అదే.

వయసు కాగితం లేదని బడిలో చేర్చుకోకపోవడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. సరే, పేరు రాయిస్తారు. మర్నాడు చంటివాణ్ని ఎవరు చూసుకుంటారు? అంగన్‌వాడీలో మూడేళ్లు నిండితేగాని ఆటపాటలకు కూర్చోబెట్టుకోరు, అదీ అమ్మ పని నుంచి తిరిగి రాకముందే మూసేస్తారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు పగలంతా నీడనిచ్చే ‘పాల్నా’ పథకం 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉంది. అలాంటి పిల్లల సంరక్షణ కేంద్రం ఒకటి ఫ్లైఓవర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో పెట్టాలి. పక్కనే ఒక కుళాయి వేయించాలి. బడి సంచీ ఇవ్వడం కంటే ముందు చేయాల్సిన పనులివి.

వచ్చే జులైలో ముస్కాన్ బృందాలతో పాటు ఒక అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌నూ పంపండి. సిగ్నల్ దగ్గర పిల్ల పేరు రాసుకునేటప్పుడు, చంకలో ఉన్నవాడి వయసు కూడా రాసుకోమనండి.