లోకం కూలాక చెరువు కట్ట ఎవరు పోస్తారు?

లోకం అంతమయ్యాక మిగిలిన ఇద్దరి ప్రేమకథలు ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పిల్లలు రాసేవాటిలోనూ, అక్కడ వరంగల్, కరీంనగర్ కుర్రకారు ఫోన్లలో చదువుకునే సీరియళ్లలోనూ ఇప్పుడు విరివిగా కనిపిస్తున్నాయి. వాటి నడక దాదాపు ఒక్కటే. ఒక మహానగరం పాడుబడి ఉంటుంది, వీధుల్లో వికృత జీవులు తిరుగుతుంటాయి, తుపాకీ పట్టిన యువకుడు ఒక యువతిని కాపాడతాడు, లేదా మారిన అభిరుచికి తగ్గట్టు యువతే అతన్ని కాపాడుతుంది. ఆ తర్వాత ఇద్దరూ డబ్బాల్లో దొరికిన తిండి తింటూ, ఎదురుపడిన ప్రతి మనిషినీ అనుమానిస్తూ, ఒక వాహనం ఎక్కి సముద్రం వైపు వెళ్లిపోతారు. ఇటువంటి కథలు నాకు ఇష్టమే, భయమూ శృంగారమూ ఎక్కువయ్యాయన్న ఫిర్యాదు కూడా నాకు లేదు. ఇదే కథను హనుమకొండలోనో ములుగులోనో జరిపిస్తే ఆ ఇద్దరూ రెండో వానాకాలం చూడరని, ఆ సంగతి తెలిసిన రచయిత వారి ప్రేమను కూడా వేరుగా రాయవలసి వస్తుందని మాత్రమే నా వాదన.

ఉత్తర తెలంగాణలో ముందుగా పోయేది కరెంటు. రామగుండంలోని ఎన్టీపీసీ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు; దానికి సింగరేణి బొగ్గు రోజూ అందుతూ ఉండాలి. బొగ్గు బాయి నడవాలంటే లోపలికి గాలి పంపే ఫ్యాన్లు, ఊట నీటిని తోడిపోసే పంపులు ఆగకుండా తిరగాలి, అవి తిరగడానికి మళ్లీ కరెంటే కావాలి. ఈ వలయం ఎక్కడ తెగినా బాయి నీళ్లతో నిండడం మొదలవుతుంది, కేంద్రం చల్లారిపోతుంది, జనగామ నుంచి జగిత్యాల దాకా పొలాలను తడిపే బోర్లన్నీ ఒకేసారి మూగబోతాయి. గోదావరిని గుట్టల మీదికి ఎక్కించే ఎత్తిపోతల పథకాల గురించి ఇక చెప్పనక్కరలేదు. ఎంత ఖర్చు పెట్టి కట్టినా, కరెంటు లేని రోజున అవి ఖాళీ గొట్టాలు.

అప్పుడు పనిచేసేవి కాకతీయుల నాటి చెరువులు. పాకాల, లక్నవరం, రామప్ప వంటి వాటిలో సూత్రం సరళమైనది: గుట్టకూ గుట్టకూ మధ్య కట్ట పోసి వాగును ఆపడం, తూము తీస్తే నీరు తన బరువుతో తానే పల్లానికి పారేట్టు చూడడం, ఎక్కువైన నీటిని మత్తడి మీదుగా కిందికి వదలడం. ఈమధ్య రామప్పకు దేవాదుల ఎత్తిపోతల నీళ్లు కూడా చేరుతున్నాయి గాని, ఆ చెరువు పుట్టినప్పుడు మోటారు అన్న ఊహే లేదు. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఇక్కడ మనం కూడా సంబరపడ్డాం, దాని శిఖరంలో వాడిన, నీళ్లలో తేలే ఇటుకల గురించి గంటల తరబడి మాట్లాడుకున్నాం. గుడి పక్కనున్న చెరువును తలచినవారు అరుదు. ఓరుగల్లు ఒకసారి తన లోకం కూలడాన్ని చూసిన నగరం. 1323లో కోట ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేనల వశమైంది, ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి వెళ్తూ దారిలోనే మరణించాడు, స్వయంభూ దేవాలయం నేలమట్టమై తోరణాలు మిగిలాయి. ఏడు వందల ఏళ్లు గడిచినా ఆ రాజుల కాలపు చెరువుల కింద ఇప్పటికీ నాట్లు పడుతున్నాయి. పాడుబడిన నగరం కోసం మన పిల్లలు న్యూయార్క్ దాకా ఎందుకు వెళ్తారో నాకు అర్థం కాదు.

అయితే చెరువు తనంతట తాను బతకదు, మన ప్రేమకథకు చిక్కు ఇక్కడే వచ్చి పడుతుంది. కట్ట మీద తుమ్మ మొలిస్తే దాని వేళ్ల వెంబడి నీరు దారి చేసుకుంటుంది, ఎలుకలూ ఎండ్రకాయలూ బొరియలు చేస్తాయి, బుంగ పడిన రాత్రే మట్టీ ఇసుక బస్తాలూ వేసి మూయకపోతే తెల్లారేసరికి అది గండి అవుతుంది. ఎండాకాలంలో పూడిక తీయాలి, వానాకాలంలో మత్తడికి అడ్డుపడిన చెత్తను తొలగించాలి, తూము దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు తెగితే ఆ వరద కిందిచెరువును కూడా తెంపుకుని పోతుంది కాబట్టి, ఒక ఊరు బాగుంటే సరిపోదు, పైఊరు కూడా బాగుండాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టింది. ప్రభుత్వమూ జేసీబీలూ ఉన్న కాలంలోనే అన్ని చెరువులకు మరమ్మతు అవసరమైనప్పుడు, పారలూ తట్టలూ మిగిలిన కాలంలో ఇద్దరు ప్రేమికులు ఏం చేయగలరు? 2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తినప్పుడు జనం ఇళ్ల కప్పులెక్కి నిలబడ్డారు, పడవలూ హెలికాప్టర్లూ వచ్చి వారిని దాటించాయి, అయినా కొందరు ప్రాణాలు కోల్పోయారు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఆ 24 గంటల్లో పడిన వాన దాదాపు 650 మిల్లీమీటర్లు. హెలికాప్టర్ రాని లోకంలో అదే వాన పడితే, కప్పు మీద ఉన్న ఇద్దరిని ఎవరు దించుతారన్న ప్రశ్నకు మన కథకులు సమాధానం చెప్పాలి.

ఇక్కడ ఉంటున్న మనకు ఈ సంగతి అనుభవం లేనిదేమీ కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచుకు కరెంటు పోయి కుళాయిలు గడ్డకట్టిన రోజుల్లో, గ్యాస్ పొయ్యి ఉన్న ఒకరి ఇంట్లో నాలుగైదు తెలుగు కుటుంబాలు చేరి పెద్ద గిన్నెలో కిచిడీ వండుకున్న ముచ్చట్లు మన దగ్గర చాలామంది చెప్పగలరు. కొత్తగా పెళ్లైన జంటలు కూడా ఏకాంతాన్ని వదులుకుని ఆ హాల్లోనే పడుకున్నారు.

నేను కోరే కథలో నాయిక నీరటి కూతురు. చెరువు తూమును ఎంత ఎత్తాలో, ఏ మడికి ఏ పూట నీళ్లు వదలాలో, మబ్బు ఏ మూల నుంచి లేస్తే కట్ట మీదికి పరుగెత్తాలో తెలిసిన మనిషిని మన దగ్గర నీరటి అంటారు. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలది, వారు పారించిన నీళ్లతో పండిన భూమి మాత్రం మరొకరిది. బోర్లు వచ్చాక వారి అవసరం తగ్గింది, పిల్లలు హైదరాబాద్ వెళ్లి డ్రైవర్లయ్యారు, సెక్యూరిటీ గార్డులయ్యారు. లోకం కూలిన మరునాడు ఊరంతటిలోకీ విలువైన చదువు ఆ ఇంట్లో తండ్రి వెంట తిరిగిన అమ్మాయి దగ్గర ఉంటుంది. ఆమెను ప్రేమించేవాడు ఆయకట్టులో ఎక్కువ భూమి ఉన్న ఇంటి కొడుకు అనుకుందాం. ప్రళయం వస్తే కులం పోతుందని ఈ తరహా కథలు రాసేవారు చాలా తేలికగా అనుకుంటారు. నాకు ఆ నమ్మకం లేదు. తిండి తగ్గినకొద్దీ ఎవరు ముందు తోడుకోవాలన్న లెక్క పెరుగుతుంది, లెక్క పెరిగినచోట పాత కొలతలే బయటికి వస్తాయి. అన్నీ సవ్యంగా నడుస్తున్న రోజుల్లోనే కులం దాటి పెళ్లి చేసుకున్నవారిని వెంటాడి చంపిన నేల మనది. కాబట్టి ఆ అబ్బాయి దాటవలసింది రాకాసులు తిరిగే అడవి ఒక్కటే కాదు, తన ఇంటి గడప కూడా. ఆమె చేతిలోని తూము కర్ర పట్టుకోవడం అతను నేర్చుకోవాలి, ఆమె తిడితే పడాలి. "అంత ఎత్తకు, కిందోళ్ల నారు కొట్టుకపోతది" అని ఆమె అర్ధరాత్రి గద్దించడం, అతను నడుము లోతు నీళ్లలో వణుకుతూ ఆమె చెప్పినట్టే దించడం నాకు ఏ ముద్దు సన్నివేశానికీ తీసిపోని శృంగారంగా కనిపిస్తుంది.

రాకాసులను కూడా దిగుమతి చేసుకోనక్కరలేదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో పేర్చిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది; జురాసిక్ యుగానికి చెందిన ఆ జీవి పొడవు దాదాపు 9 మీటర్లు, తిన్నది ఆకులు అలములు. ఇప్పటి అడవిలో ఎలుగుబంటి చాలు. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారకముందే అది చెట్టు కిందికి వస్తుంది, పూలు ఏరుకునే మనుషులు కూడా అదే వేళకు వస్తారు, ఇద్దరూ ఎదురుపడతారు. రాకాసికి కథలో బలం రావాలంటే దానికి ఇటువంటి దినచర్య ఉండాలి: ఎందుకు వస్తుంది, ఎప్పుడు దాహం వేస్తుంది, ఎక్కడ ఈనుతుంది. గాలి తగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది కాబట్టి, మనుషులు వదిలేసిన ఓపెన్‌కాస్టు గనుల అంచుల్లో ఏళ్ల తరబడి నిప్పు రగులుతూనే ఉంటుందని ఊహించవచ్చు. నీళ్లు నిండిన బాయిలో పెరిగిన చల్లని నెత్తురు జీవి చలికాలం రాత్రుళ్లు ఆ వేడికి పైకి వస్తుందని, దాహానికి చెరువు వైపు దిగుతుందని రాస్తే, దాని రాకపోకలు తెలిసిన నీరటి కూతురు చలికాలమంతా ఊరికి కాపలా అవుతుంది. రాత్రుళ్లు ఒంటరిగా కట్ట మీద తిరిగే ఆ అమ్మాయి మీదే ఊరికి అనుమానం కూడా పుడుతుంది. బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను చంపిన ఘటనలు మన పల్లెల్లో ఈ శతాబ్దంలోనూ జరిగాయి. లోకం కూలిన తొలి ఏడాది రాకాసి కంటే ముందే ఆ అనుమానం మనుషులను తింటుంది, నాయకుడు తన ప్రేమను నిరూపించుకోవలసిన చోటు రాకాసి ఎదుట కంటే కూడా ఆ పంచాయితీలోనే ఉంటుంది.

చెరువులను ఇంతగా మెచ్చుకున్నాను గనుక, వాటిని కట్టించిన రాజుల గురించి మేడారం ఏం చెబుతుందో కూడా చెప్పాలి. రెండేళ్లకోసారి మాఘ మాసంలో లక్షలాది జనం జంపన్న వాగులో మునిగి, బెల్లాన్ని బంగారంగా సమర్పించి మొక్కే సమ్మక్క సారలమ్మల కథలో, కరువు వల్ల కప్పం కట్టలేమన్న కోయల మీదికి దండెత్తి వచ్చినది కాకతీయ సైన్యమే. కట్ట కింద ఉన్నవారికి కాపాడే చేయిగా కనిపించిన రాజ్యం అడవిలో ఉన్నవారికి రాకాసిగా కనిపించింది. ఇది మరిచిపోయి రాస్తే, మిగిలిన ఊరు ఒకటి చెరువును దక్కించుకుని కోటలా మారి పక్కవారి దగ్గర కప్పం వసూలు చేయడం మొదలుపెట్టినా, రచయిత దాన్ని విజయమనుకునే ప్రమాదం ఉంది.

ప్రేమకథ అంటే ఇద్దరి ముచ్చట, ఇందులోకి పూడికా పంచాయితీలూ ఎందుకని అడిగేవారు ఉంటారు. వారికి మహాభారతంలోని హిడింబిని గుర్తుచేస్తాను. లక్క ఇల్లు కాలిపోయింది, చనిపోయారని లోకం నమ్మిన ఆరుగురు అడవిలో పడి నడుస్తున్నారు, తల్లికీ అన్నదమ్ములకూ దాహమైతే భీముడు నీళ్ల కోసం వెళ్లాడు, తిరిగి వచ్చేసరికి వాళ్లు నేల మీదే నిద్రపోయారు, అతను కాపలా కూర్చున్నాడు. వాళ్లను తినడానికి అన్న పంపగా వచ్చిన రాక్షస స్త్రీ ఆ కాపలా మనిషిని చూసి మనసు పడింది. సర్వం పోయిన తర్వాత రాకాసుల మధ్య పుట్టిన ప్రేమకు మనకు ఇంతకంటే పాత నమూనా లేదు. అందులో కూడా పెళ్లి ఇద్దరి ఇష్టంతో తేలలేదు: పగలంతా ఆమెతో తిరగవచ్చని, సాయంత్రానికి భీముడు తమ దగ్గరికి రావాలని, బిడ్డ పుట్టేదాకా ఇలా సాగాలని కుటుంబం షరతు పెట్టింది, ఎందుకంటే రాత్రి కాపలాకు అతను లేకపోతే మిగతావారు బతకరు. ఆ షరతును హిడింబి ఒప్పుకుంది. ఆ తర్వాత ఏకచక్రపురంలో బకాసురుడి దగ్గరికి రోజూ బండెడు అన్నాన్నీ ఒక మనిషినీ పంపే ఊరిని చూస్తాం. వంతులు వేసుకుని భయాన్ని పంచుకోవడానికి అలవాటు పడిన ఆ ఊరు నాకు బకుడి కంటే ఎక్కువ భయం కలిగిస్తుంది.

హిడింబి కథలో ఉన్నది, ఇప్పటి కథల్లో లేనిది మరొకటి ఉంది, అదే బిడ్డ. ఆసుపత్రి లేని, రక్తం నిల్వ లేని కాలంలో ప్రతి కౌగిలి వెనకా ఒక కాన్పు భయం ఉంటుంది, అయినా మన కథల్లోని జంటలు నెలల తరబడి కలిసి తిరుగుతారు, ఎవరికీ నెల తప్పదు. ఊళ్లో మంత్రసాని ఎవరైనా మిగిలారా అని నాయిక ముందే వాకబు చేసిన కథ ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఈ వాకబుతో ప్రేమ చల్లారుతుందని అనుకునేవారు మన అమ్మమ్మల పెళ్లిళ్ల గురించి ఒకసారి అడిగి తెలుసుకుంటే మంచిది.

ముగింపు విషయంలో ఈ పత్రిక సంపాదక వర్గంలోని మిత్రులతో నాకు పేచీ ఉంది. జంట ఊరు విడిచి వెళ్లిపోతేనే పాఠకులు ఊపిరి పీల్చుకుంటారని వారంటారు. ములుగు నుంచి ఎటు నడిచినా అడవో, గోదావరో, మరొక చెరువో వస్తుంది. వాహనం ఎక్కి చేరుకునే సముద్రం అక్కడ లేదు. అందుకని నా నాయికా నాయకులు ఊళ్లోనే ఉండి, చెరువు నిండి మత్తడి దుంకుతున్న ఏడాది, తమ కట్టను నిలబెట్టుకోలేక నీళ్ల కోసం వచ్చిన కిందిఊరి మనుషులకు తూము తీయాలా వద్దా అని తమలో తాము తగువు పడాలి. వద్దనేది అబ్బాయి అయితే కథ మామూలుగా ఉంటుంది. తండ్రి ప్రాణం పెట్టి కాపాడిన చెరువు కాబట్టి ఆమే వద్దంటే, అప్పుడు అతను ఏం చేస్తాడన్నది వచ్చే సంచికకు కథ పంపేవారు తేల్చి రాయాలి.