ఓటుకి రసీదు అడగొద్దు

అమెరికా దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో ఒకప్పుడు ఓటెయ్యాలంటే ముందు పోల్ ట్యాక్స్ కట్టాలి. వర్జీనియాలో అది ఏడాదికి డాలరున్నర, ఇంతేనా అనిపిస్తుంది గానీ అసలు కిటుకంతా కట్టించుకునే పద్ధతిలో ఉంది. మూడేళ్ళ బాకీ మొత్తం ఎలక్షన్‌కి ఆరు నెలల ముందే కట్టెయ్యాలి, టెక్సాస్‌లో అయితే నవంబర్ ఓటుకి జనవరి 31 లోపే, అప్పటికి పోటీలో ఎవరుంటారో కూడా తెలీదు. అలబామా ఇంకా దారుణం, 1953 దాకా అక్కడ కట్టని ఏళ్ళన్నీ కలుపుకుంటూ పోతే బాకీ 36 డాలర్లయ్యేది, పత్తి చేలో పాలుకి చేసుకునేవాడు అంత క్యాష్ ఎక్కడ తెస్తాడు? నల్లవాళ్ళని ఆపడానికే పెట్టారు, అందులో దాపరికం ఏమీ లేదు, పేద తెల్లవాళ్ళ ఓట్లు కూడా దాంతోపాటే పోయాయి, ఇంట్లో ఒక్కరికి సరిపడా డబ్బులుంటే మొగుడికి కట్టి ఆడవాళ్ళు ఆగిపోయారు.

1937లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది కూడా. 1964లో 24వ రాజ్యాంగ సవరణ వచ్చినా అది ప్రెసిడెంట్, కాంగ్రెస్ లాంటి ఫెడరల్ ఎన్నికలకే పరిమితం, గవర్నర్‌కి ఓటెయ్యాలంటే వర్జీనియాలో మళ్ళీ ట్యాక్స్ కట్టిన రసీదే. దాని మీద కోర్టుకెళ్ళింది ఎవరో పెద్ద లీడర్లు కాదు, అక్కడి నార్‌ఫోక్ ఊళ్ళో బట్టలు కుట్టుకుని బతికే ఈవెలిన్ బట్స్, ఇంకో కేసులో యానీ హార్పర్. 1966 మార్చి 24న కోర్టు 6-3 తేడాతో వాళ్ళ వైపు నిలబడింది, ఓటు అర్హతకీ డబ్బుకీ సంబంధం లేదని జస్టిస్ డగ్లస్ తీర్పు రాశారు. గెలిచాక బట్స్ ఇంట్లో కూర్చోలేదు, ఊళ్ళో వేలమందిని ఓటర్లుగా రిజిస్టర్ చేయించింది. నిజమే, అక్షరాస్యత పరీక్షల్లాంటివి తీసేసిన 1965 ఓటింగ్ హక్కుల చట్టం లేకపోతే ఇదొక్కటే సరిపోయేది కాదు. అయినా ఇవాళ వర్జీనియాలో, టెక్సాస్‌లో సిటిజన్లయిన మన తెలుగువాళ్ళు పైసా కట్టకుండా గవర్నర్‌కి ఓటేస్తున్నారంటే ఆ ఇద్దరు ఆడవాళ్ళ పుణ్యమే.

అందుకే ఫ్లోరిడా సంగతి మాకు మింగుడుపడట్లేదు. నేరం చేసి శిక్ష పూర్తి చేసినవాళ్ళకి, హత్య, లైంగిక నేరాల కేసులు తప్ప, ఓటు తిరిగి ఇవ్వాలని 2018లో జనమే ఓటేసి చెప్తే, ఏడాది తిరక్కుండా అక్కడి అసెంబ్లీ కోర్టు ఫైన్లు, ఫీజులు కట్టాకే అని మెలిక పెట్టింది, 2020లో ఫెడరల్ అప్పీల్ కోర్టు సరే అనేసింది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో చూసుకోడానికి సరైన లెక్క కూడా ఒక్కచోట లేని పరిస్థితి. పేరు మారింది గానీ పని అదే పని. బాకీ ఉంటే మిగతా బాకీల్లాగే వసూలు చేసుకోమనండి, దానికి ఓటుని తాకట్టు పెట్టుకునే ఆ రూల్‌ని మాత్రం ఫ్లోరిడా వెంటనే ఎత్తెయ్యాలి.