చేతిపనిని మెచ్చారు, చేతిని చూడలేదు

బొమ్మలను కొద్దికొద్దిగా కదిలిస్తూ ఒక్కో ఫ్రేమే చిత్రీకరించే స్టాప్ మోషన్ సినిమా విడుదలైతే దాని సమీక్ష ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పవచ్చు. మొదట ఆ బొమ్మల తయారీకి పట్టిన ఏళ్ల లెక్క, ఆ తర్వాత కన్నుల పండుగ అన్న మాట, చివరికి వచ్చేసరికి కథ పలచబడిందని పెదవి విరుపు. సినిమాకు గోథిక్ ఛాయలు, అంటే చీకటీ భయమూ కలగలిసిన వాతావరణం, ఉంటే పిల్లలను తీసుకెళ్లే ముందు ఆలోచించుకోండని ఒక హెచ్చరిక కూడా తోడవుతుంది. 2009 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలైన ‘కోరలైన్’ విషయంలో జరిగింది దాదాపు ఇదే. ప్రశంసలకైతే కొదవ లేదు. సమీక్షలను కూడి లెక్కగట్టే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ ప్రకారం సుమారు 90 శాతం సమీక్షలు అనుకూలమే. (ఆ శాతం ఎంతమంది మెచ్చారో చెబుతుంది, ఎంతగా మెచ్చారో చెప్పదు. ఈ తేడా మరిచి దాన్ని మార్కులుగా చదవడం మనకు అలవాటైపోయింది.) ఆస్కార్ నామినేషన్ దక్కినా బహుమతిని ‘అప్’ తన్నుకుపోయింది. ఇన్ని మెప్పులను ఇప్పుడు తిరగేస్తే, విమర్శకులు సినిమా పనితనాన్ని నెత్తిన పెట్టుకున్నారు గానీ ఆ పనితనం గురించి సినిమా ఏమంటున్నదో వినలేదని అనిపిస్తుంది.

2002లో వెలువడిన నీల్ గైమన్ నవలను హెన్రీ సెలిక్ తెరకెక్కించిన చిత్రమిది. లైకా స్టూడియో తొలి పూర్తి నిడివి సినిమా కూడా ఇదే. కొత్త ఇంటికి మారిన కోరలైన్‌ను తల్లిదండ్రులు పట్టించుకోరు. ఇద్దరూ రాతపనిలో మునిగి కంప్యూటర్ల ముందే కూర్చుంటారు. గోడలో ఒక చిన్న తలుపు, దాని అవతల అచ్చం అలాంటి ఇల్లే, అందులో ‘మరో అమ్మ’. ఆవిడ రుచిగా వండిపెడుతుంది, ఓపికగా కబుర్లు చెబుతుంది. కళ్ల స్థానంలో మాత్రం నల్లటి బొత్తాలుంటాయి. అక్కడే ఉండిపోవాలంటే కోరలైన్ కూడా కళ్లకు బొత్తాలు కుట్టించుకోవాలి.

ముందుగా శ్రమ సంగతి. సెకనుకు 24 ఫ్రేములు, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య బొమ్మను వెంట్రుకవాసి కదిలించడం, వెంట్రుక మందం సూదులతో అల్లిన బొమ్మ స్వెట్టరు, ఒక్క కోరలైన్‌కే రెండు లక్షలకు పైగా ముఖకవళికలు సాధ్యమయ్యే ఏర్పాటు. ఈ వివరాలు నిజంగానే అబ్బురపరుస్తాయి. కాకపోతే ఇవి సమీక్షకుల పరిశీలనలో తేలినవి కావు, స్టూడియో ప్రచార విభాగం అందించినవి. ప్రచారంలో వచ్చిన అంకెలు సమీక్షలో తీర్పుగా మారిపోయాయి. ఇంత కష్టపడ్డారు కాబట్టి ఇది ప్రేమతో చేసిన పని, ప్రేమతో చేసింది కాబట్టి మంచి సినిమా. పైగా ‘అంతా చేత్తో చేసినదే’ అన్న మురిపెం సగమే నిజం. ముఖాలను 3డి ప్రింటర్లతో తయారు చేశారు. పై ముఖానికీ కింది ముఖానికీ మధ్య కనిపించే అతుకును కంప్యూటర్‌లో చెరిపేశారు. 2015లో వచ్చిన మరో స్టాప్ మోషన్ చిత్రం ‘అనోమలీసా’ అలాంటి అతుకులనే కావాలని ఉంచేసింది. చెరపడం, ఉంచడం రెండూ అర్థంతో కూడిన నిర్ణయాలే. వాటిని చర్చించడం వదిలేసి గంటలు లెక్కపెడితే అది కూలి లెక్క అవుతుంది, విమర్శ కాదు.

ఇప్పుడు టైటిల్స్ చూద్దాం. కిటికీలోంచి ఒక గుడ్డబొమ్మ లోపలికి తేలివస్తుంది. సూదుల్లాంటి ఇనుప వేళ్లున్న రెండు చేతులు దాన్ని అందుకుంటాయి. బట్టలు ఊడదీసి, జుట్టు పీకి, నోటి కుట్లు తెంపి, కడుపులో కూరినదంతా లాగేస్తాయి. ఖాళీ గుడ్డను లోపలిది బయటికి తిరగేసి మళ్లీ నింపుతాయి, కళ్లకు కొత్త బొత్తాలు కుడతాయి, కొత్త జుట్టు పెడతాయి. చివరికి అది కోరలైన్ బొమ్మగా తయారై వచ్చిన కిటికీలోంచే బయటికి వెళుతుంది. ఎంత నేర్పుగా, ఎంత ఓపికగా సాగుతుందో ఆ పని! ఒక్క కుట్టు తప్పదు. బొమ్మల సినిమా మొదలవడమే బొమ్మను తయారు చేయడంతో మొదలైంది, ఆ చేతులేమో ‘మరో అమ్మ’గా కనిపించే రాక్షసివి. చేతిపని అంటేనే ఆప్యాయత అనుకునే ప్రేక్షకుడికి సెలిక్ మొదటి నిమిషాల్లోనే విసిరిన సవాలిది.

ఆ తర్వాత కథంతా ఈ సవాలు మీదే నడుస్తుంది. మామూలు ఇంటి గదుల సెట్లను లోతు తగ్గించి ఇరుకుగా కట్టారు. అవతలి ఇంట్లో అవే గదులకు లోతు పెంచారు, 3డి ప్రభావాన్నీ రంగులనూ అక్కడే విప్పారు. అంటే అవతలి లోకం ‘ఖర్చు పెట్టి కట్టిన సెట్’లా కనిపించాలన్నదే ఉద్దేశం. అక్కడి తోటను పైనుంచి చూస్తే కోరలైన్ ముఖమే. పిల్లితో కలిసి ఇంటి నుంచి దూరంగా నడిచిపోతే చెట్లూ నేలా కరిగిపోయి చుట్టూ తెల్లటి శూన్యం మిగులుతుంది. నీ మనసు దోచడానికి ఎంత అవసరమో అంతే ఆవిడ కట్టింది, అంతకు మించి ఏమీ లేదని పిల్లి తేల్చేస్తుంది. కెమెరా చూడని చోట సెట్ ఉండదన్నది ఏ స్టూడియోలోనైనా మామూలు సంగతి. ఇక్కడ అదే కథలో భయంగా మారింది. ‘మరో నాన్న’ పియానో వాయించే దృశ్యంలోనూ అంతే, ఆయన చేతులను ఆడించేది పియానోలోంచి వచ్చిన చేతి తొడుగులు. పొరుగు కుర్రాడు వైబీకి అవతలి లోకపు నకలైన ‘మరో వైబీ’ దిగులుపడితే మూతిని నవ్వుతున్నట్టు కుట్టేస్తారు. యానిమేటరు రోజూ చేసే పనిని, కవళికను మార్చడాన్ని, శిక్షగా చూపిన దృశ్యమది.

ఇన్ని ఉండగా ‘దృశ్యాలు అద్భుతం, కథే అంతంత మాత్రం’ అన్న తీర్పు ఎలా నిలుస్తుంది? ఈ సినిమాలో దృశ్యాల అద్భుతమే కథ. కోరలైన్ మోసపోయేది కంటికి ఇంపుగా ఉన్నదాన్ని నమ్మే. సమీక్షకులూ ఆ అందానికి ముగ్ధులై, అందం పక్కన కథ వెలవెలబోయిందన్నారు. అందుకు కోరలైన్ కొంత నయం, ఆమె అనుమానించడమైనా నేర్చుకుంది.

కథనంలో లోపాలు లేవనను. ద్వితీయార్ధంలో, మరో అమ్మకు ముందే బలైన దెయ్యప్పిల్లల కళ్లను ఒక్కో చోట ఒక్కొక్కటి చొప్పున వెతికే వరుస వీడియో గేములోని అంచెల్లా యాంత్రికంగా సాగుతుంది. నవలలో లేని వైబీ పాత్ర చేర్పు మీద వచ్చిన ఫిర్యాదులోనూ పస ఉంది. కోరలైన్ తనలో తాను మాట్లాడుకోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు అవసరమన్న దర్శకుడి ఇబ్బంది అర్థమవుతుంది గానీ, నవలలో ఆ అమ్మాయి ఒంటరిగా నెగ్గిన చివరి పోరులో సైకిలేసుకుని వచ్చి చేయి కలిపే కుర్రాడు ఆమె తెగువలో వాటా అడిగినట్టే ఉంటుంది.

ఇక పిల్లల భయం. అమెరికాలో దీనికి పీజీ రేటింగే, అంటే పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడవచ్చన్న రేటింగే, ఇచ్చారు. ఎంత ధైర్యమున్నా ఒక వయసు లోపు పిల్లలకు ఇది పీడకలల సరుకేనని అమెరికా సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ హెచ్చరించారు. నవలను పిల్లలు సాహసగాథగా చదువుతారు, భయపడేది పెద్దలేనని గైమన్ చాలాసార్లు అన్నారు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. చిక్కేమిటంటే, భయపెడుతుందా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగితే, దేనితో భయపెడుతోందన్న ప్రశ్న మిగిలిపోతుంది. చీకటీ సాలెగూళ్లూ ఇక్కడ పైపూత మాత్రమే. అసలు భయం అతిగా ప్రేమించే అమ్మది.

చేతిని చూడకపోవడం సెలిక్‌కు కొత్త కాదు. 1993లో ఆయన దర్శకత్వం వహించిన ‘ద నైట్మేర్ బిఫోర్ క్రిస్మస్’ను నిర్మాత టిమ్ బర్టన్ సినిమాగానే నేటికీ చాలామంది చెప్పుకుంటారు. బర్టన్‌కు ఏ సంబంధమూ లేని ‘కోరలైన్’ను సైతం ఆయన ఖాతాలో వేసేవారు కనిపిస్తారు. నల్లగా, సన్నగా, వంకరగా ఉన్న బొమ్మలన్నీ ఒక్కరివేనన్న లెక్క కాబోలు.

15 ఏళ్ల సందర్భంగా 2024లో మళ్లీ విడుదల చేస్తే ‘కోరలైన్’ ప్రపంచవ్యాప్తంగా 5 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. పాత సినిమాకు అది చిన్న మొత్తం కాదు. చిన్నప్పుడు చూసినవారు పెద్దవారై తిరిగి వచ్చారు, వస్తూ తమ వాదాలనూ వెంట తెచ్చారు. వాటిలో బాగా ప్రచారమైనది, కోరలైన్ అసలు అవతలి లోకం నుంచి బయటపడనేలేదన్నది. ఆఖరి దృశ్యంలో తోట ఆకారం, పేరుపలక స్తంభం వెనక్కి వెళ్లి మాయమైన పిల్లి వారి సాక్ష్యాలు. నేను దాన్ని ఒప్పుకోను. పిల్లి అలా మాయమవగలదని సినిమా ముందే చూపింది, మొక్కలు నాటిన తల్లిదండ్రుల ఒంటి మీది మట్టికి అవతలి తోట తళుకు లేదు. అయితే వారు తోటను చూసి ఇది ఎవరు కట్టారని అడుగుతున్నారు. 2009లో వచ్చిన సమీక్షల్లో అత్యధికం కట్టడానికి ఎన్నాళ్లు పట్టిందని మాత్రమే అడిగాయి.