ఈ వేసవి బస్సు డనిచ్‌కు

ప్రతి వేసవిలో మన సంఘం బస్సు థీమ్ పార్కుకో, కిక్కిరిసిన బీచ్‌కో వెళుతుంది. పిల్లలకు సరదాయే, కాదనను. ఈసారి మాత్రం ఇంగ్లండ్ తూర్పున సఫోక్ తీరంలోని డనిచ్‌కు వెళదామని నా మనవి. రాసేటప్పుడు డన్‌విచ్ అని రాస్తారు గానీ పలికేది డనిచ్.

మేం అక్కడికి వెళ్లినప్పుడు, కారు దిగగానే మా అబ్బాయి "ఊరేది నాన్నా?" అన్నాడు. ఒక వీధి, ఒక పబ్, చర్చి, చిన్న మ్యూజియం, గ్రేఫ్రయర్స్ మఠం మొండిగోడలు. మిగతా ఊరంతా సముద్రం అడుగున ఉంది.

ఒకప్పుడది పెద్ద రేవు. 1086లో ఇంగ్లండ్ రాజు ఊళ్లకీ భూములకీ తీయించిన డూమ్స్‌డే లెక్కల్లో ఈ ఊరు కట్టాల్సిన 68,000 హెర్రింగ్ చేపల శిస్తు నమోదైంది. 1286లో వచ్చిన తుఫాను ఊరిని బాగా దెబ్బతీసింది. 1328 తుఫానుకు గులకరాళ్లు పేరుకుపోయి రేవు ముఖమే పూడిపోయింది. నా దృష్టిలో అసలు చావుదెబ్బ అదే. ఓడ రాని రేవులో వర్తకుడెందుకుంటాడు? డబ్బూ మనుషులూ పోయాక అలలకు అడ్డం నిలబడేదెవరు? ఆ తర్వాత ఒక్కో వీధీ, ఒక్కో చర్చీ పోయాయి. ఆల్ సెయింట్స్ చర్చి గోపురంలో ఆఖరి ముక్క 1919లో కూలింది. ఇంత చిక్కిపోయినా, 1832 దాకా పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపిన ఊరిది!

మ్యూజియంలో పాత ఊరి నమూనా చూస్తుంటే నాకు ఒకప్పటి మన రేవు మోటుపల్లి గుర్తొచ్చింది. డనిచ్ మీద 1286 తుఫాను పడటానికి సుమారు నలభై ఏళ్ల ముందు, 1244లో, కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పద్ధతి మాన్పించి, సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని వర్తకులకు మాటిచ్చాడు. ఆ మోటుపల్లి ఇవాళ బాపట్ల జిల్లాలో ఒక పల్లె. మన పిల్లల్లో ఎందరు ఆ పేరు విన్నారు? వెళ్లేటప్పుడు బస్సులోనే ఆ కథ చెబుదాం. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇప్పటికీ ఇళ్లు సముద్రంలో కలుస్తున్నాయి. అటువైపు వాళ్లు మనలో ఉంటే, పోయిన వీధుల పేర్లు పెద్దవాళ్లనడిగి ఈ పత్రికకు రాసి పంపండి.

ఊరు చిన్నది, అందుకే రెండు జట్లుగా వెళదాం. స్పీకర్లు వద్దు. ఒడ్డంతా గులకరాళ్లే, బూట్లు వేసుకోండి. కొండ అంచు దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి, అది ఇంకా విరిగిపడుతూనే ఉంది.