డంజన్‌కో కరణం కావాలి

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను తీసేసింది. అది మంచో చెడో నాకనవసరం. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద గదిలో ఆదివారం ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే వాళ్ల లెక్కలు చూశాక మాత్రం, ఒక్క కరణాన్నయినా మిగల్చాల్సిందనిపిస్తోంది. మిగల్చలేదు గనక ఆ బరువు నేనే నెత్తికెత్తుకున్నాను.

తెలియనివారికి రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్లు కనిపెట్టిన ఆట, 1974లో అచ్చయింది. ఒకడు కథ నడుపుతాడు. వాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు, అంటే నేను. మిగతావాళ్లు తలా ఒక వీరుడో, మంత్రగాడో, దొంగో అవుతారు. ఆ వీరుడికి బలమెంత, తెలివెంత, ఒంట్లో ప్రాణమెంత, సంచీలో ఏముందీ అన్నీ రాసుకునే కాగితమే క్యారెక్టర్ షీట్. ఆధార్ కార్డు, అడంగల్, బ్యాంకు పాస్‌బుక్ మూడూ కలిపి కుట్టినంత దస్తావేజు అది.

అంతటి దస్తావేజుని మనవాళ్లు పెన్సిల్‌తో రాస్తారు. రాసి ఇంటికి పట్టుకుపోతారు!

మా బావమరిది సంగతే చూడండి. బలం పాచికల్లోంచి వస్తుంది. ఆరు ముఖాల పాచికలు నాలుగు వేసి, అన్నిటికన్నా చిన్న అంకె తీసేసి, మిగతా మూడూ కూడాలి. 3కి తగ్గదు, 18 దాటదు. నా కళ్లెదుట వాడికి పడింది 13. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి 16 అయింది. ఇదేంట్రా అంటే, "పండక్కి కాస్త గట్టిగా తిన్నాడు బావా" అన్నాడు. కాగితాన్ని ట్యూబులైటుకి అడ్డంపెట్టి చూశాను. రబ్బరు తిరిగినచోట పొర లేచిపోయి, 6 వెనకాల పాత 3 నీడలా ఆనుతూనే ఉంది. హిట్ పాయింట్ల గడి, అంటే ప్రాణం లెక్క రాసే గడి మీదైతే పులిహోర మరక. ఆ మరక కింద ఉన్నది 11 కావచ్చు, 17 కావచ్చు. దెబ్బ తగిలిన ప్రతిసారీ 17 అంటాడు.

పోనీ 16 అనే ఒప్పుకుందాం. నిబంధనల ప్రకారం బలానికి పదిహేను రెట్లు పౌన్లు మోయొచ్చు, అంటే 240. ఒంటి మీద ఉక్కు కవచం 65 పౌన్లు. సంచీలో పదివేల బంగారు నాణేలు. యాభై నాణేలు ఒక పౌను లెక్కన అవో 200. మొత్తం 265 పౌన్లు, మన లెక్కలో 120 కిలోలు. గుంటూరు యార్డులో రెండు మిర్చి టిక్కీలు ఎత్తినా ఇంత తూగవు. ఇదంతా వేసుకుని వీడు తాడు పట్టుకుని బావిలోకి దిగుతాడట, అదీ చప్పుడు కాకుండా! షీటులో తాడెక్కడుందిరా అన్నాను. కొన్నానుగానీ రాయడం మర్చిపోయానన్నాడు. వాడు రాయడం మర్చిపోయినవన్నీ ఆస్తులే. ఖర్చుపెట్టి కొట్టేయడం మర్చిపోయిన నాణేల మాట ఎత్తడు.

ఇంకో చిక్కు, వలస. ఒక కుర్రాడు ఉద్యోగమొచ్చి బెంగళూరు పోయాడు. షీటు వాడితోనే పోయింది. వాడి విలుకాడు ఇక్కడ గుహలో నిలబడి ఉన్నాడు. వాడి మంత్రవిల్లుకి వారసులమని ముగ్గురు బయల్దేరారు. మాట మీద ఇచ్చాడని ఒకరు, వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పంపాడని ఇంకొకరు. వేలిముద్ర చెల్లుతుందిగానీ బొటనవేలి బొమ్మ ఎలా చెల్లుతుంది?

"అన్నయ్యా, అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం, అందరికీ కనిపిస్తాయి" అంది బీటెక్ అమ్మాయి. మా తాతగారి పొలం ఆన్‌లైన్‌కి ఎక్కినప్పుడు ఏడు సెంట్లు తగ్గింది. ఎక్కడం నిమిషం పట్టింది, దింపడానికి రెండేళ్లు తిరిగాం. వద్దన్నాను.

కనుక నా తీర్మానం: షీట్లన్నీ నా బీరువాలో ఉంటాయి, తాళంచెవి నా జంధ్యానికి ఉంటుంది. ఆట మొదలయ్యేటప్పుడు ఇస్తాను, అయ్యాక లెక్కపెట్టి తీసుకుంటాను. అంకె మారాలంటే అర్జీ పెట్టుకోవాలి. ఏటా ఒకసారి జమాబందీ.

అంతా తలూపారు, సీఏ చదివే కుర్రాడు తప్ప. వాడు నోట్‌బుక్కు తిప్పి చూపించాడు. పోయిన వారం డ్రాగన్‌కి కొట్టిన ప్రతి దెబ్బా తారీఖుతో సహా రాసుకున్నాడు. "190 కొట్టాం సార్. కుర్ర ఎర్ర డ్రాగన్‌కి పుస్తకంలో ప్రాణం 178 మాత్రమే ఉంది. ఇంకా ఎందుకు చావలేదు? దాని షీటు చూపించండి."

178 అన్నది నిజమే. అయితే ఆ రోజు వీళ్లు మరీ రెచ్చిపోయి కొడుతున్నారు, టీ కూడా ఇంకా రాలేదు, సందర్భాన్ని బట్టి 240 చేశాను. పెన్సిల్ ముట్టలేదు, రబ్బరు ముట్టలేదు, మనసులోనే చేశాను. కనుక రికార్డులో ఒక్క కొట్టివేత గానీ దిద్దుబాటు గానీ లేదు. పైగా డ్రాగన్ షీటు రహస్య దస్త్రం. అదే చెప్పాను.

వాడు అర్జీ రాసిచ్చాడు, మా బావమరిది సాక్షి సంతకం పెట్టాడు. పరిశీలనలో ఉంది. అప్పటిదాకా ఆట వాయిదా వేశాను. డ్రాగన్ మూడు వారాలుగా నోరు తెరుచుకునే ఉంది.