బుక్క దిగకపోతే అన్నీ గ్యాసే కాదు

నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "బుక్క గొంతులో ఆగితే అది గ్యాసే. మన ఫ్లోరైడ్ నీళ్లే కారణం. వాము నీళ్లు తాగితే చాలు. నోట్లోంచి గొట్టం వేసి కోయించుకుంటే చిల్లు పడి, మళ్లీ బువ్వ తినలేరు."

ముందు ఫ్లోరైడ్ సంగతి. మన జిల్లాలో ఏ రోగమొచ్చినా దాని మీదికే తోసేస్తాం. పళ్లనూ ఎముకలనూ పాడుచేసిన పాపం దానిదే, ఒప్పుకుంటా. బుక్క దిగకుండా చేసే అకలేజియా అనే జబ్బు వేరు. అందులో అన్నవాహిక గోడలోని నరాల కణాలు నశిస్తాయి. మింగినప్పుడు వదులు కావాల్సిన కింది కండరం బిగుసుకునే ఉంటుంది.

మా మేనమామ దేవరకొండలో రెండేళ్లు వాము, సోడా, గ్యాస్ గోలీలతోనే గడిపాడు. జొన్నరొట్టె తుంపి నోట్లో పెట్టుకుని, చెంబెడు నీళ్లు తాగి, లేచి నిలబడి భుజాలు వెనక్కి విరిస్తే గానీ దిగేది కాదు. రాత్రి తిన్న మెతుకులు తెల్లారేసరికి దిండు మీద అలాగే ఉండేవి. కడుపు దాకా పోని అన్నాన్ని వామేం అరిగిస్తుంది?

అలాగని అకలేజియా అని ఇంట్లోనే తేల్చుకోకండి. ముద్ద ఆగడం అన్నవాహిక క్యాన్సర్‌కూ గుర్తే, బీడీ, గుట్కా, మందు అలవాటుంటే మరీ. ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే, మానోమెట్రీ (అన్నవాహిక కండరాల ఒత్తిడి కొలిచే పరీక్ష) చేస్తేనే తేలుతుంది.

ఇక 'కోత' మాట. ఈ కండరాన్ని కోయడం 1913లోనే జర్మనీలో హెల్లర్ మొదలుపెట్టాడు, బయటి నుంచి. 2008లో జపాన్ డాక్టర్ ఇనోయె నోటి దారిన చేశాడు. దాన్నే పోయెమ్ అంటారు. మత్తిచ్చి, లోపలి పొరను కాస్త చీల్చి, దాని కింద సొరంగంలా దారి చేసుకుంటూ పోయి కండరాన్ని కోస్తారు. పైన చీల్చిన చోటుని క్లిప్పులతో మూసేస్తారు. కోత ఒకచోట, మూత ఇంకోచోట కాబట్టి ఆ లోపలి పొరే కోతకు కాపలాగా ఉంటుంది. చిల్లు భయం పూర్తిగా లేదనను. కానీ 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో తీవ్రమైన ఇబ్బందులు హెల్లర్ కోతనే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే లాపరోస్కోపీ ఆపరేషన్‌లో 7.3 శాతం మందికి వస్తే, పోయెమ్‌లో 2.7 శాతానికే వచ్చాయి. రెండేళ్లకు ఫలితం రెంటిలోనూ దాదాపు సమానం, 80 శాతం పైనే.

పోయెమ్‌లోని అసలు లోపం మెసేజ్ రాసినాయన కంటికి ఆననే లేదు: యాసిడ్ పైకి తన్నడం. అదే అధ్యయనంలో రెండేళ్లకు యాసిడ్ వల్ల అన్నవాహిక వాపు పోయెమ్ వాళ్లలో 44 శాతం మందికి, ఆపరేషన్ వాళ్లలో 29 శాతం మందికి కనిపించింది. పోయిన నరాల కణాలూ తిరిగి రావు.

మామకు హైదరాబాద్‌లో పోయెమ్ చేయించాం. యాసిడ్ గోలీ రోజూ వేసుకుంటున్నాడు. నీళ్ల చెంబు ఇప్పటికీ పక్కన ఉండాల్సిందే, లేచి మాత్రం నిలబడడు.