"14 లక్షలకు కెనడా పీఆర్" మెసేజ్: ఒక్కో ముక్కా విప్పి చూస్తే

వారం రోజులుగా ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, ఆఖరికి గుంటూరు పదో తరగతి బ్యాచ్ గ్రూపులోనూ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "14 లక్షలకు కెనడా ఎల్‌ఎంఐఏ గ్యారంటీ. ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు. వేర్‌హౌస్‌లో ప్యాకింగ్ పని. భార్యకూ వర్క్ పర్మిట్. ఏడాది తిరిగేసరికి పీఆర్. తొందరగా కావాలంటే విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడే మార్చుకోవచ్చు."

పీఆర్ అంటే అక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి ఇచ్చే అనుమతి. ముందు ఆ 14 లక్షల సంగతి. ఎల్‌ఎంఐఏ అంటే వీసా కాదు, వర్క్ పర్మిట్ కూడా కాదు. "ఈ పనికి ఇక్కడ మనుషులు దొరకడం లేదు, బయటివాణ్ణి పెట్టుకుంటాను" అని కెనడా యజమాని అక్కడి ప్రభుత్వం దగ్గర తెచ్చుకునే అనుమతి. దరఖాస్తు పెట్టేది యజమానే. ఫీజు ఒక్కో ఉద్యోగానికి 1,000 కెనడా డాలర్లు, అదీ అతనే కట్టాలి. ఆ డబ్బు పనివాడి దగ్గర రాబట్టుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. ఆ తర్వాత వర్క్ పర్మిట్‌కు మనం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి ఫీజు 155 డాలర్లు, వేలిముద్రలకు 85. రెండూ కలిపి మన డబ్బులో సుమారు 15 వేలు. మిగతా లక్షలు దేనికో ఏజెంటునే అడగాలి.

మా పెద్దమ్మ కొడుక్కి గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన ఇలాంటి కాగితమే ఇచ్చాడు. వాడు మురిసిపోతూ ఫోన్‌లో చూపించాడు. పైన మేపుల్ ఆకు బొమ్మ, ఇంటిపేరుతో సహా వాడి పేరు, కింద "వీసా అప్రూవ్డ్" అని ఎర్ర ముద్ర. కంపెనీ ఈమెయిల్ చూస్తే జీమెయిల్. "ఎల్‌ఎంఐఏ అనేది యజమానికి వచ్చే ఉత్తరం రా, దాని మీద వీసా ముద్ర ఎందుకుంటుంది?" అంటే వాడి దగ్గర జవాబు లేదు.

నిజమైన ఎల్‌ఎంఐఏ కాగితాలు కూడా అమ్ముడవుతాయి, కాదనను. అందుకేగా 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు లెక్కేసి పీఆర్‌కు మనుషుల్ని ఎంచుకునే పద్ధతి) జాబ్ ఆఫర్‌కు ఇచ్చే 50 లేదా 200 పాయింట్లను తీసేశారు! ఎల్‌ఎంఐఏల అమ్మకం, కొనుగోలు తగ్గించడానికే ఈ మార్పు అని కెనడా ప్రభుత్వమే చెప్పింది.

ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదన్నది సగం నిజం. మామూలు వర్క్ పర్మిట్‌కు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. కానీ మెసేజ్ ఆశపెడుతున్నది పీఆర్‌తో కదా. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో భాషా పరీక్ష తప్పదు. అక్కడ పని చేసిన అనుభవంతో వెళ్లే దారిలో ఉద్యోగం స్థాయిని బట్టి కొంత సడలింపు ఉంటుంది, అంతే. ఇక్కడినుంచే నైపుణ్యం మీద వెళ్లే ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిలోనైతే ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో నాలుగు విభాగాల్లోనూ కనీసం 6 రావాలి.

ఏడాదిలో పీఆర్ అన్న మాటలో మోసం ఇంకా లోతుగా ఉంది. కెనడాలో ఉద్యోగాలను 0 నుంచి 5 వరకు స్థాయిలుగా విడగొట్టారు. సున్నా అన్నిటికన్నా పైది, ఐదు కిందిది. అక్కడి అనుభవంతో వెళ్లే దారి, అంటే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌లో 0 నుంచి 3 వరకే లెక్కలోకి వస్తాయి. దూరపు లారీ డ్రైవర్ మూడో స్థాయి, కాబట్టి పనికొస్తుంది. వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసే పని, తోటలో పళ్లు కోసే పని ఐదో స్థాయి. ఆ పనిలో పదేళ్లున్నా ఈ దారి తెరుచుకోదు. కెనడాలోని కొన్ని రాష్ట్రాల పథకాల్లో అలాంటివాళ్లకూ అవకాశం ఉంటుంది గానీ, ఏ ఏజెంటూ గ్యారంటీ ఇవ్వలేడు. పైగా ఏడాది అనుభవంతో వచ్చేది దరఖాస్తుకు అర్హత మాత్రమే. 2025కు పీఆర్ లక్ష్యాన్ని 5 లక్షల నుంచి 3 లక్షల 95 వేలకు తగ్గించారు కూడా.

భార్యకు వర్క్ పర్మిట్? 2025 జనవరి 21 నుంచి అది భర్త చేసేది 0, 1 స్థాయి ఉద్యోగమైతేనే, లేదంటే 2, 3 స్థాయిల్లో ఎంపిక చేసిన కొన్నింటికే. ప్యాకింగ్ పని అందులో లేదు. విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడే వర్క్ పర్మిట్‌కు పెట్టుకునే వెసులుబాటు కరోనా కాలంలో ఇచ్చింది, 2024 ఆగస్టు 28న ఆపేశారు. మెసేజ్ రాసినవాడికి ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

దొంగ కాగితం పెట్టి దొరికితే ఐదేళ్లు కెనడా గడప తొక్కనివ్వరు. ఆ నిషేధం పడేది దరఖాస్తుదారుడి మీదే. ఏజెంటు మాత్రం బోర్డు మార్చుకుని పక్క లైన్‌లో ఆఫీసు తెరుస్తాడు. డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ సలహా ఇచ్చేవాళ్ల పేరు అక్కడి కన్సల్టెంట్ల కాలేజీ రిజిస్టర్‌లో ఉండాలి, లేదంటే వాళ్లు అక్కడి లాయర్లయినా కావాలి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంట్లు మన ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. వాళ్లు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మాత్రమే.

మావాడు ఆ బ్రాడీపేట ఆయన్ని రిజిస్ట్రేషన్ నంబరు అడిగాడు. "నంబరెందుకు తమ్ముడూ, మనం మనం తెలిసినవాళ్లం" అన్నాడట. ఫైలు ఓపెనింగ్‌కని కట్టిన 50 వేలు వెనక్కి ఇమ్మని అడిగిన దగ్గర్నుంచి ఫోన్ ఎత్తడం లేదు.